ఎదురింటి తాళంచెవి

తాళంచెవుల దుకాణానికి వచ్చే మనిషి ఇత్తడి ముక్క కోసం రాడు. తన ఇంటిని కాసేపు మన చేతిలో పెట్టి, మళ్ళీ తీసుకుని వెళతాడు. ఆ కాసేపటిని మనం మరిచిపోతామని అతని నమ్మకం. మా వ్యాపారంలో అసలు సరుకు అదే. అది తూకానికి రాదు, నిలవ పెట్టడానికి కుదరదు, చెడిపోతే వాపసు తీసుకునే నాథుడు ఉండడు. మిగతావన్నీ, మిషను, అద్దె, అట్టపెట్టెలు, దాని చుట్టూ పెట్టే ఖర్చులు.

మా దుకాణం కాలనీలోకి తిరిగే మలుపులో ఉంది. కాలనీ సంఘం అద్దెకిచ్చిన గది. ముందు గాజు బల్ల, దాని మీద చెవులు కోసే మిషను, వెనక తాళాల పెట్టెలు. మిషను దగ్గర కూర్చునేది మా అమ్మ తమ్ముడు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు. అందరికీ అతను ఆకురాయి మామ. మిషను ఎంత బాగా కోసినా, చివర తన ఆకురాయితో రెండు గీతలు గీస్తే గానీ చెవిని చెయ్యి దాటనివ్వడు. గిరాకీతో మాట్లాడేది నేను. అతను మాట్లాడితే జనం వస్తారు, నేను అతణ్ణి ఊరుకోబెడితే వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారు. మా ఇద్దరి పంపకం అది.

మామయ్యకు ఒక అలవాటు ఉంది. కోత తప్పిన చెవిని పారెయ్యడు. వెనక గోడకు మేకు కొట్టి తగిలిస్తాడు. ఏళ్ళు గడిచేసరికి గోడంతా చెవులే. పొద్దున ఎండ పడితే గోడ గోడంతా మెరిసేది, చిన్నపిల్లల్ని ఎత్తుకుని వచ్చి చూపించేవాళ్ళు. అవి ఏ తలుపునూ తెరవలేని చెవులు. అతనికి మాత్రం పతకాలు. ‘ఇన్ని తప్పులు చేస్తే గానీ ఈ చెయ్యి ఇలా తయారవలేదు’ అని చూపించుకునేవాడు. ఎవరైనా తాళంచెవి పోయిందని దిగులుగా వస్తే, ‘బెంగెందుకు, మీ ఇంటి చెవి పళ్ళు నా వేళ్ళకి గుర్తే’ అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. పైసా ఖర్చు లేని ప్రచారం కదా అని నేనూ నవ్వేదాన్ని.

ఆ నవ్వు మందుల షాపాయన ఇంట్లో దొంగతనం జరిగిన రోజుతో ఆగింది.

ఆయన కుటుంబంతో పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి బీరువా ఖాళీ అయింది. తలుపుకు గాటు లేదు, కిటికీ చువ్వ వంగలేదు. వచ్చినవాడు కావలసినవి తీసుకుని, వెళుతూ వెళుతూ తలుపుకు మళ్ళీ తాళం వేసి వెళ్ళాడు. కాలనీని భయపెట్టింది పోయిన నగలు కాదు. మళ్ళీ వేసిన ఆ తాళం. ఎవరో తమ ఇంటిని తాము సర్దుకుని వెళ్ళినట్టు ఉంది ఆ పని.

మందుల షాపాయన భార్య కూరగాయల బండి దగ్గర నలుగురిలో ఒక మాట అంది. తమ రెండో తాళంచెవి ఈ మధ్యే మా దుకాణంలో కోయించామని. నిజమే, కోయించుకుంది. ఆ మాటలో నింద లేదు. ఈ సంగతి నాకు మోసుకొచ్చింది లెక్కల టీచరమ్మ. ఆవిడ మందుల షాపాయన ఎదురింట్లో ఒంటరిగా ఉంటుంది. ఉద్యోగం అయిపోయాక సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. మోకాళ్ళు మొరాయిస్తాయి కాబట్టి ఇల్లు కదలదు, కదిలిందంటే ఏదో పనుంటుంది.

“ఎవరూ ఏమీ అనలేదమ్మాయ్, అందుకే వచ్చాను. అని ఉంటే అక్కడే నేనే సమాధానం చెప్పేదాన్ని. అందరూ బెండకాయలు ఏరుకుంటూ ఉండిపోయారు” అంది.

అప్పటికి నా లెక్క ఏమిటంటే, ఊరుకోవడం. పోలీసులు వచ్చి అడిగారు, ఉన్నది చెప్పాం, వెళ్ళారు. ఊరుకుంటే మాట దానంతటదే పాతబడుతుంది. కానీ దుకాణంలో గాలి మారింది. ఇదివరకు చెవి ఇచ్చి, పక్కన పని చూసుకుని వచ్చేవాళ్ళు ఇప్పుడు బల్లకు ఆనుకుని నిలబడి మామయ్య చేతులనే చూస్తున్నారు. మిషను ఆగగానే చెయ్యి చాపుతున్నారు. ఒకావిడ కోత తప్పిన చెవిని కూడా అడిగి పట్టుకెళ్ళింది. ఇంకొకాయన బల్ల మీద రాలిన ఇత్తడి పొడిని కాగితంలో పొట్లం కట్టి ఇమ్మన్నాడు. వేళాకోళం అనుకుని మామయ్య నవ్వాడు. ఆయన నవ్వలేదు. నేను పొట్లం కట్టి ఇచ్చాను.

మా ఆయన ఫ్లెక్సీలు అచ్చువేసే చోట పని చేస్తాడు. లోకంలో ఏ చిక్కయినా సరైన సైజు బోర్డుతో తీరిపోతుందని ఆయన గట్టి నమ్మకం. నేను ఆ పొట్లం సంగతి చెప్పగానే, ఒక్క ముక్క రాసి దుకాణం ముందు పెడితే నోళ్ళు మూతపడతాయన్నాడు. వద్దన్నాను. రెండు రోజులు అలిగాడు. మూడో రోజు గిరాకీ మరీ పలచబడేసరికి నేనే సరేనన్నాను. పసుపు మీద ఎర్ర అక్షరాలతో తెచ్చి కట్టాడు: ‘మేము ఎవరి తాళంచెవికీ నకలు దాచుకోము.’

ఆ పూటే తేడా తెలిసింది. అంతవరకూ దుకాణం వైపు తలతిప్పనివాళ్ళు కూడా ఆగి చదివారు. చదివి, తెలియకుండానే చేత్తో సంచీ తడుముకున్నారు. ఎన్నో ఏళ్ళుగా మా దగ్గరకు వచ్చే పెద్దాయన ఒకాయన బోర్డు చదివి, నా మొహం చూసి, మళ్ళీ బోర్డు చదివాడు.

“దాచుకోవచ్చనే సంగతి నాకిన్నాళ్ళూ తట్టనేలేదమ్మా” అన్నాడు. కోపంగా కాదు. పాపం, తన అమాయకత్వానికి తనే సిగ్గుపడుతున్నట్టు అన్నాడు.

అనుమానం అంతకుముందు ఏ పదిళ్ళలోనో ఉండేది. మా బోర్డు దాన్ని దారినపోయే ప్రతివాడికీ ఉచితంగా పంచింది. మర్నాడు బోర్డు విప్పించాను. దాంతో ఇంకో మాట పుట్టింది. నకళ్ళు దాచుకోమనే బోర్డు తీసేశారంటే ఇప్పుడు దాస్తున్నట్టేగా అని. మా ఆయన మాత్రం అక్షరాలు చిన్నవైపోయాయని బాధపడ్డాడు.

తర్వాత గోడ బయటపడింది. ఎవరో మా దుకాణం వెనక గోడను ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద ఒకే ఒక్క వాక్యం: ‘ఇవన్నీ ఎవరి ఇళ్ళవి?’ ముచ్చటపడి బిడ్డలకు చూపించిన గోడే అది. ఫొటోలో చూస్తే నాకే అది వేరే గోడలా కనిపించింది. మేకు మేకుకూ ఒక ఇల్లు వేలాడుతున్నట్టు ఉంది. అవి పనికిరాని చెవులని మామయ్య గొంతు రికార్డు చేసి గ్రూపులో పెట్టబోయాడు. ఫోను లాక్కున్నాను. అతను మాట్లాడటం మొదలుపెడితే, మీ ఇంటి చెవి పళ్ళు నా వేళ్ళకి గుర్తే అన్న పాత సరదా ఎక్కడ దొర్లుతుందోనని నా భయం. నాకంటే ముందే ఎవరో దాన్ని గుర్తు చేశారు కూడా. ‘ఆయనే అనేవాడుగా’ అని.

గోడ ఖాళీ చెయ్యాలని నిర్ణయించాను. నలుగురినీ పిలిచి, అందరి ముందూ చెవులు తలుపులకు పెట్టి చూపించి తీస్తే బాగుండేదని తర్వాత చాలామంది సలహా ఇచ్చారు. తర్వాత ఇచ్చే సలహాకు వెల ఉండదు. ఆ రోజు నేను వేసిన లెక్క వేరు. జనాన్ని పిలిస్తే గోల అవుతుంది, మధ్యాహ్నం భోజనాల వేళ వీధి ఖాళీగా ఉంటుంది, సగం షట్టరు దించి పని కానిచ్చేద్దామనుకున్నాను. మామయ్య గోడవైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒక్క చెవి కూడా తన చేత్తో తియ్యలేదు. నేనూ మా ఆయనా తీసి గోనెసంచీలో పోశాం.

సాయంత్రానికి ఆ పని గ్రూపులో వీడియోగా తిరుగుతోంది. అందులో మా మొహాలు లేవు. సగం దించిన షట్టరు కింద రెండు జతల కాళ్ళు, సంచీలోకి జలజలా రాలుతున్న ఇత్తడి, అంతే. చూసినవాళ్ళలో ఎవరూ ఏమీ రాయలేదు. ఎవరూ ఏమీ రాయకపోవడానికే నాకు ఎక్కువ భయమేసింది. అంతకుముందు కనీసం తిట్టుకునేవాళ్ళు.

మర్నాడు ప్రెసిడెంటు గారు దుకాణానికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఖాళీ గోడను, మేకులను కాసేపు చూశారు.

“చూడమ్మా, నాకు మీ మీద అనుమానం లేదు. కానీ నా ఒక్కడికీ లేకపోతే సరిపోదు. ఆదివారం మీటింగు పెట్టాం. మీ మామయ్యను స్టేషనుకు పంపి ఆ సంగతేదో తేల్చుకుంటారో, గది ఖాళీ చేస్తారో, ఆ రోజు చెప్పండి.”

మూడో దారి లేదా అని అడిగాను.

“ఉంటే నువ్వే చూపించు” అని వెళ్ళిపోయారు.

మూడో దారి ఉంది. అది తాళాలు అమ్మే ప్రతివాడికీ తెలుసు, ఏ ఒక్కడూ బయటకు అనడు. ఆ కాలనీ ఇళ్ళన్నీ ఒకే కాంట్రాక్టరు కట్టాడు. తలుపులన్నిటికీ ఒకే రకం తాళాలు పెట్టెలకు పెట్టెలు కొని బిగించాడు. చవక తాళాలు. బయటకు వేరువేరుగా కనిపిస్తాయి గానీ, లోపల పళ్ళ నమూనాలు కొన్నే ఉంటాయి, తిప్పి తిప్పి అవే వేస్తారు. అంటే ఆ కాలనీలో ఒక ఇంటి చెవి ఇంకెన్నో ఇళ్ళను తెరుస్తుంది. ఎవరూ పక్కవాడి తలుపులో తమ చెవి పెట్టి చూడరు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు. మర్యాదే ఆ తాళాలకు అసలు తాళం.

ఇది చెబితే మేం బయటపడతాం. మందుల షాపాయన తలుపు తెరవడానికి మా నకలే అక్కర్లేదు, కాలనీలో ఎవరి చెవి అయినా సరిపోయి ఉండవచ్చని తేలుతుంది. ఒక్క మా మీద ఉన్న అనుమానాన్ని ఇంటింటికీ కొంచెం కొంచెం పంచితే, ఎవరి వాటాకూ పెద్దగా రాదు. పంచితే పలచబడుతుంది. అదీ నా లెక్క.

మామయ్యకు చెప్పాను. అతను ఆకురాయిని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. ఈ గొడవంతా మొదలయ్యాక అతను సరదా మాట ఒక్కటీ అనలేదు.

“చెప్పు. కానీ చూపించకే” అన్నాడు.

“చూపించకపోతే ఎవడు నమ్ముతాడు మామయ్యా?”

“నమ్మకపోతే పోనీ. చెవి తిరిగిందంటే అది ఎవరిదో అందరికీ కనబడుతుంది. నీ లెక్క ఎవడికీ కనబడదు.”

భయంతో అంటున్నాడనుకున్నాను. స్టేషనుకు వెళ్ళవలసింది అతనే కదా.

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక వెనక నిలబడ్డారు. మందుల షాపాయన తలుపు నుంచి ఊడదీసిన పాత తాళాన్ని మందుల కవరులో పెట్టి తెచ్చాడు. కొత్తది వేరే ఊరు నుంచి తెప్పించుకున్నాడట, అది కూడా అందరికీ వినబడేట్టు చెప్పాడు. మామయ్య నా వెనక కుర్చీలో కూర్చున్నాడు. అతని పక్క కుర్చీలు రెండు వైపులా ఖాళీ.

నేను నిలబడి చెప్పాను. కాంట్రాక్టరు సంగతి, పెట్టెల సంగతి, నమూనాల సంగతి. వింటున్నారు గానీ మొహాలు కదలడం లేదు. ఇరుక్కున్న మనిషి చెప్పే కథలు అందరూ విన్నవే కదా. అందుకే మందుల షాపాయన తాళాన్ని బల్ల మీద పెట్టించి, మీ మీ చెవులు ఇవ్వండి, ఒక్కొక్కటీ ఇందులో పెట్టి తిప్పుతాను, ఎన్ని తిరుగుతాయో మీరే చూడండి అన్నాను. ఐదారు తిరుగుతాయని నా అంచనా. ఐదారు తిరిగితే హాలంతా కంగారుపడుతుంది, తర్వాత ఎవరో ఒకరు నవ్వుతారు, అక్కడితో మా మీది బరువు దిగిపోతుంది.

ఎవరూ ఇవ్వలేదు.

ఆ ఒక్కటీ నేను లెక్కలో వెయ్యలేదు. మా చేతికి తాళంచెవి ఇవ్వడానికి భయపడే కదా అంతమంది అక్కడ కూర్చున్నది. వాళ్ళ ఇంటి చెవులే ఇమ్మని నేను అడుగుతున్నాను. జేబుల మీద చేతులు, సంచుల మీద చేతులు. ప్రెసిడెంటు గారు కూడా తన చెవి ఇంట్లో మరిచిపోయానన్నారు.

అప్పుడు మూడో వరసలో లెక్కల టీచరమ్మ కుర్చీ పట్టుకుని లేచింది. మోకాళ్ళు సర్దుకుంటూ నడిచి వచ్చి, తన చెవిని నా అరచేతిలో పెట్టింది.

“నాది తిప్పమ్మాయ్. ఊరికే చూస్తారేమిటి, పిల్లలకు లెక్క చెప్పేటప్పుడు ఎవరో ఒకరు బోర్డు దగ్గరకు రావాలిగా” అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

వెనక మామయ్య కుర్చీ కిర్రుమంది. అతని వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతాననిపించింది. ఆగిపోతే సాయంత్రానికి దుకాణం ఉండదు. చెవి పెట్టి తిప్పాను.

టక్కున తిరిగింది. తాళం నాలుక బయటకు వచ్చింది, లోపలికి వెళ్ళింది. హాలు చివరి వరకూ వినబడింది ఆ చప్పుడు.

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. చూశారా, ఈ పిల్ల అబద్ధం చెప్పదని నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను అని వెనక్కి తిరిగింది. ఆవిడ మొహంలోకి ఎవరూ చూడలేదు. అందరూ ఆవిడ చేతివైపు చూస్తున్నారు. నేను తిరిగి ఇచ్చిన చెవి ఆ చేతిలో ఉంది. ఆవిడ చిరునవ్వు వెంటనే పోలేదు. ఎక్కడ దించాలో తెలియని సామానులా కాసేపు మొహం మీదే ఉండిపోయింది.

మందుల షాపాయన గొంతు పెంచలేదు. షాపులో మందు చీటీ చదివేటప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే అడిగాడు.

“టీచరమ్మగారూ, మేం ఊరెళ్ళిన ఆ రెండు రోజులూ మీరు ఇంట్లోనే ఉన్నారు కదూ?”

ఇంట్లో కాక ఎక్కడికి పోతాను నాయనా అంది ఆవిడ. అంతటితో తన మీద ఏం పడిందో ఆవిడకు అర్థమయింది.

నేను గబగబా మాట్లాడాను. ఇది ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో తిరుగుతాయి, ఇవ్వండి, మీది ఇవ్వండి, మీది ఇవ్వండి అని వరసగా అడిగాను. ఇందాక భయంతో ఇవ్వనివాళ్ళు ఇప్పుడు తెలివితో ఇవ్వలేదు. చెవి తిరిగితే ఏమవుతుందో కళ్ళారా చూశాక ఎవడిస్తాడు? మందుల షాపాయన భార్య ఒక్క మాట అంటుందేమోనని చూశాను. టీచరమ్మ రెండో చెవి ఏనాటి నుంచో వాళ్ళింట్లోనే ఉంటుంది, అవసరానికి ఉంటుందని ఆవిడే ఇచ్చి ఉంచింది. అంటే వాళ్ళ తలుపు తెరిచే చెవి వాళ్ళ గోడకే వేలాడుతోంది. తన చెవి వాళ్ళ తలుపుకు పడుతుందని తెలిసిన దొంగ దాన్ని వాళ్ళకే ఇచ్చి ఉంచదు కదా, ఆ ముక్క ఆమె చెబితే సరిపోయేది. ఆమె తల వంచుకుని కవరు మడత పెడుతూ కూర్చుంది.

“మీ దుకాణం మీద మాకింకే అనుమానమూ లేదమ్మా. చక్కగా చూపించావు” అని ప్రెసిడెంటు గారు మీటింగు ముగించారు.

మర్నాటి నుంచి దుకాణం ముందు వరస. అలాంటి గిరాకీ మా అమ్మ దుకాణం చూసుకున్న కాలంలో కూడా లేదు. కాలనీ మొత్తానికి తాళాలు మార్చుకోవాలి. ఖరీదైనవి, పళ్ళ నమూనా కలవనివి. పెట్టెలు వస్తున్నాయి, సాయంత్రానికి అట్టలు మిగులుతున్నాయి. బోర్డు లేకుండా ఇంత వ్యాపారం జరగడం మా ఆయనకు మింగుడుపడలేదు. కొన్నవాళ్ళు వెళ్ళేముందు బల్ల మీదకు వంగి, గొంతు తగ్గించి ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు: పక్కింటివాళ్ళు ఏది తీసుకున్నారు? నేను గుర్తులేదనేదాన్ని. నమ్మేవాళ్ళు కాదు, అయినా సంతోషపడేవాళ్ళు. తమ సంగతి కూడా అలాగే దాస్తానని కాబోలు.

అనుమానాన్ని పంచాలనుకున్నాను. వాటాలు పడలేదు. మొత్తం ఒకే గుమ్మం ముందు దించి వచ్చాను. టీచరమ్మ ఇంటికి ట్యూషన్ పిల్లలు రావడం మానేశారు. జ్వరాలని, పరీక్షలని, మేనమామ ఊళ్ళో ఉన్నాడని కారణాలు పంపారు. గ్రూపులో ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు. ‘ఒంటరిగా ఉండేవాళ్ళకు ఖర్చులు ఎలా గడుస్తాయో’ అని మాత్రం ఒకరు రాశారు. దాని కింద నేను నాలుగు వాక్యాలు రాశాను. ఆవిడ తప్పేమీ లేదని, మా తాళాల గుణమే అంతని. పంపే ముందు ఆలోచించాను. నేను ఆవిడ పక్కన నిలబడితే ఇద్దరం తోడుదొంగలమవుతాం. ఆవిడ రెండో తాళంచెవి కోసింది కూడా మా మామయ్యే. రాసింది చెరిపేశాను. బయట వరస పెరుగుతోంది.

ఆ వారం చివర్లో ఆవిడే వచ్చింది. వరసలో ముందున్నాయనకూ ఆవిడకూ మధ్య ఇద్దరు పట్టేంత చోటు ఖాళీ ఉంది. వెనక వచ్చినవాళ్ళు కూడా అంతే దూరం పెట్టి నిలబడ్డారు. లోపలికి వచ్చి కూర్చోమంటే రానంది. తన వంతు వచ్చేదాకా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“నాకూ ఒక తాళం ఇయ్యమ్మాయ్. ఎవరి చెవితోనూ తెరుచుకోనిది కాదు, ఆ భయం నాకు లేదు. నా చెవి ఇంకెవరి తలుపుకూ పట్టనిది ఇయ్యి” అంది.

మామయ్య మిషను ఆపాడు. పెట్టెల్లో వెతికి తనే తీశాడు. బిగించడానికి తనే వస్తానన్నాడు. నన్నూ రమ్మన్నాడు. గిరాకీ ఉంది మామయ్యా అన్నాను. అతను సంచీలో పనిముట్లు సర్దుకుంటూ, నా మొహం చూడకుండా, రెండోసారి రమ్మన్నాడు. వెళ్ళాను.

ఆ వరస ఇళ్ళన్నిటికీ కొత్త తాళాలు తళతళలాడుతున్నాయి. కొన్ని తలుపులకు రెండేసి. టీచరమ్మ గుమ్మం ముందు చెప్పులు విడిచే చోట ఒకప్పుడు పిల్లల చెప్పులు కుప్పగా ఉండేవి. ఇప్పుడు ఒక్క జత. మామయ్య పాత తాళం ఊడదీసి, చెక్కకు కొత్త గాడి తీస్తున్నాడు. డ్రిల్లు చప్పుడు వీధంతా మోగింది. ఆ చప్పుడుకు ఎదురింటి తలుపు జానెడు తెరుచుకుంది. తర్వాత దాని పక్కది. తర్వాత ఇటువైపు చివరది. మనుషులు బయటకు రాలేదు. సందుల్లో చీకటి, చీకట్లో కళ్ళు, అంతే.

ఆవిడ లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసులు పెడుతూ చెప్పింది, రెండో చెవి ఎదురింటావిడ తిరిగి ఇచ్చేసిందని. చేతికి ఇవ్వలేదట, తలుపు కింద సందులోంచి లోపలికి తోసిందట. నేను గ్లాసు కింద పెట్టాను.

మామయ్య పని ముగించాడు. ఆకురాయితో రెండు గీతలు గీసి, కొత్త చెవులు రెండూ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఒకటి తన దగ్గర పెట్టుకుంది. రెండోది నా ముందుకు చాపింది.

“ఇది నీ దగ్గర ఉంచు. రాత్రుళ్ళు గడియ పెట్టుకోను, తాళమే వేసుకుంటాను. మొన్నోసారి బాత్రూములో జారాను. మళ్ళీ జారి లేవలేకపోతే ఎవరో ఒకరు తలుపు తియ్యాలిగా.”

నేను చెయ్యి చాపలేదు. ఎదురుగా జానెడు తెరిచిన తలుపులు. తాళంచెవుల దుకాణం మనిషి ఇంకొకరి ఇంటి చెవి పట్టుకెళ్ళడం వీధి వీధంతా చూడబోతోంది. ఏ మాట పుట్టకూడదని ఇన్ని తిప్పలు పడ్డానో, ఆ మాటకు సాక్ష్యం నా చేతిలోనే ఉంటుంది. మొన్న ఆ హాల్లో గెలుచుకొచ్చింది ఇక్కడ ఈ గుమ్మంలో పోతుంది. మామయ్యను స్టేషనుకు పంపమని రేపు మళ్ళీ అడుగుతారు. గది, మిషను, పెట్టెలు, అన్నీ ఒకవైపు. రెండోవైపు ఆవిడ చెయ్యి. గాలిలోనే ఉంది.

“ఇంకెవరికైనా ఇవ్వకూడదా టీచరమ్మగారూ?” అన్నాను.

“ఎవరికి?” అంది ఆవిడ. నిజంగానే అడిగింది. నేను పేరు చెబితే వెళ్ళి ఇచ్చి వచ్చేట్టు నా వైపు చూసింది.

ఎదురుగా ఉన్న తలుపుల్ని వరసగా చూశాను.

చెవి తీసుకున్నాను. దాచి తీసుకుంటే ఇంకా పాడు, అందుకని నా ఇంటి చెవుల గుత్తి బయటకు తీసి, అందరికీ కనబడేట్టు దాన్ని అందులో ఎక్కించాను. రింగు బిగుతుగా ఉంది. గోరు విరిగింది. మామయ్య సంచీ భుజాన వేసుకుని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

ముందుగా ఎదురింటి తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. తర్వాత దాని పక్కది. మేం వీధి దాటేవరకూ, ఒక్కో ఇంటి ముందుకు రాగానే, ఒక్కో గడియ పడుతూనే ఉంది.